గడ్డం అంటించుకున్నాక కళ్లు తెరిచాడు!

కారు నెత్తిన పడవ. కారు లోపల కోటీశ్వరుడు. కోటీశ్వరుడి నోటినిండా తిట్లు!

కూతురి పెళ్లికి ముహూర్తం దగ్గరపడింది. వేళకి అందుకోవాలని పారిస్‌కి పరుగులు తీయిస్తున్నాడు విక్టర్ పివేర్. పెద్ద ఫ్యాక్టరీ యజమాని. పరమ కోపిష్టి. ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. ఒకటి, తనలాంటి తెల్ల ఫ్రెంచి క్యాథలిక్కులు. రెండు, మిగతావాళ్లు! పరదేశపు నంబరు ప్లేటు కనిపిస్తే చాలు, ఆ కారువాణ్నే కాదు, వాడి దేశాన్నంతా కలిపి తిట్టేస్తాడు.

దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కనే ఓ పెళ్లివారి ఊరేగింపు. చూస్తే ఏముంది? వధూవరుల్లో ఒకరు తెలుపు, ఒకరు నలుపు. పివేర్‌గారికి ఒళ్లు జలదరించింది! తన కూతురు మాత్రం అచ్చమైన తెల్లవాణ్ని చేసుకుంటోందనీ, ఆ కుర్రాడు తెల్లగా ఉండటమే కాదు, కాస్త పాలిపోయి కూడా ఉంటాడనీ డ్రైవరుతో గర్వంగా చెప్పుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఓ కారు పొగగొట్టం భుస్సుమంది. మసంతా ఆయన మొహానికే! ఇప్పుడు అద్దంలో చూసుకుంటే తనే నల్లవాడు. హాలంతా గొల్లుమంది.

అక్కడితో అయిపోలేదు. ఇన్నాళ్లుగా తన కారు నడుపుతున్న డ్రైవరు సాలొమోన్ యూదుడని అప్పుడే తెలుస్తుంది. పివేర్ నోరు వెళ్లబెడతాడు. నువ్వా? మీ మామయ్య కూడానా? మీ ఇంటిల్లిపాదీనా? అని ఆరా తీసి, చివరికి పెద్దమనసు చేసుకుని, ఫరవాలేదులే, అయినా నిన్ను ఉద్యోగంలో ఉంచుకుంటానులే అన్నట్టు అభయమిస్తాడు! తానేదో మహోపకారం చేస్తున్నాననే ఆయన నమ్మకం. తనకు ద్వేషమనేదే లేదని కూడా ఆయన నమ్మకమే!

1973 అక్టోబరు 18న ఫ్రాన్సులో విడుదలైన ‘రబ్బీ జాకబ్ సాహసాలు’ ఇలా మొదలవుతుంది. దర్శకుడు జెరార్ ఊరీ. పివేర్ పాత్రధారి హాస్యనట చక్రవర్తి లూయీ ద ఫ్యునెస్. ఫ్రాన్సులో 70 లక్షలకు పైగా టిక్కెట్లు తెగిన ఈ సినిమా వచ్చి యాభై ఏళ్లు దాటింది. అక్కడి ఇళ్లల్లో పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని మళ్లీ మళ్లీ చూసే సినిమాల్లో ఇదొకటి. పైకి చూస్తే ఉత్త గెంతులాట. కానీ ఈ గెంతులాట వెనకాల ఎన్ని కన్నీళ్లున్నాయో, ఎంత ధైర్యముందో తెలిస్తే నవ్వు కాసేపు గొంతులోనే ఆగుతుంది.

కథా కమామీషూ

రబ్బీ అంటే యూదుల మతగురువు. న్యూయార్కులో అందరి మన్ననలూ పొందుతున్న ముసలి రబ్బీ జాకబ్ ముప్ఫై ఏళ్ల తర్వాత ఫ్రాన్సులోని తనవాళ్లను చూడ్డానికి బయల్దేరతాడు. వాళ్లింట్లో ఓ పిల్లవాడికి ‘బార్ మిత్స్వా’. పదమూడేళ్లు నిండిన మగపిల్లవాడు మొదటిసారి నలుగురి ముందూ ధర్మగ్రంథం చదివే వేడుక అది. మన ఒడుగులాంటిదే అనుకోండి.

ఇక్కడ పివేర్ కారు అదుపు తప్పి నీళ్లలో పడుతుంది. పడవ అడుగున, కారు పైన! బయటికి లాగుదాం రమ్మంటే సాలొమోన్ కదలడు. ఏమంటే, శుక్రవారం పొద్దుగూకింది. యూదులకు అప్పటినించి శనివారం చీకటి పడేదాకా ‘సబ్బాతు’. విశ్రాంతి దినం. పని ముట్టకూడదు. పివేర్‌కి ఒళ్లు మండి, నిలుచున్నపాటున డ్రైవరును ఉద్యోగంలోంచి పీకేస్తాడు.

ఒంటరిగా నడుచుకుంటూ సాయం కోసం వెళ్లి ఓ చూయింగ్ గమ్ ఫ్యాక్టరీలో అడుగు పెడతాడు. అక్కడ ఓ అరబ్బు దేశపు విప్లవ నాయకుడు స్లిమాన్‌ను ఆ దేశపు రహస్య పోలీసులు బంధించి ఉంచారు. వాళ్ల నాయకుడు కల్నల్ ఫారెస్. ఆ తుపాకుల మధ్య మన పివేర్! పెనుగులాటలో ఆకుపచ్చ గమ్ము తొట్టిలో పడి నిలువునా మునుగుతాడు. ఒంటికి అంటుకున్న ఆ గమ్ము సాగి సాగి, ఎక్కడ తాకితే అక్కడ బంకలా పట్టుకునే సీను చూసి నవ్వనివాడు మనిషే కాదు.

స్లిమాన్ పారిపోతూ పివేర్‌ను కూడా లాక్కుపోతాడు. ఇటు ఫారెస్ మనుషులు, అటు పివేరే నేరస్థుడనుకుని పోలీసులు, మరోపక్క మొగుడు ఇంకో ఆడదానితో లేచిపోతున్నాడని అనుమానించే పెళ్లాం. ముగ్గురూ వెంటపడతారు. పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో దారీ తెన్నూ తోచక, ఇద్దరూ యూదు గురువుల్లా గడ్డాలు అంటించుకుని, నల్ల అంగీలు తొడుక్కుని, టోపీలు పెట్టుకుని బయటికొస్తారు. అక్కడ రబ్బీ జాకబ్ కోసం ఎదురుచూస్తున్న చుట్టాలు ఆ వేషం చూసి ‘వచ్చాడ్రోయ్!’ అని పివేర్‌ను వాటేసుకుని ముద్దులు పెట్టేస్తారు. యూదుల పేరు వింటేనే మొహం చిట్లించేవాడు యూదుల గురువైపోయాడు!

తర్వాత అంతా పారిస్‌లోని పాత యూదుల పేట. వీధి పేరు ర్యూ దే రోజియే. ఊరంతా బారులు తీరి ఆహ్వానిస్తుంది. దీవించమంటారు. తినమంటారు. నాట్యం చెయ్యమంటారు. చివరికి సినగోగులో వందలాది మంది ముందు పూజ నడిపించమంటారు. అసలు జాకబ్‌గారికి మాత్రం ఎక్కడికక్కడ పాట్లే! పట్టుబడబోతున్న పివేర్‌ను గుర్తుపట్టి, గుట్టు బయటపెట్టకుండా కాపాడింది ఎవరనుకున్నారు? నిన్న తను ఉద్యోగంలోంచి పీకేసిన డ్రైవరు సాలొమోనే.

ఇక కొసమెరుపు. కూతురి పెళ్లి జరిగే చోట హెలికాప్టరు దిగుతుంది. స్లిమాన్ దేశంలో ప్రభుత్వం తలకిందులై, అతనే అధ్యక్షుడయ్యాడు! పెళ్లికూతురు ఆంత్వానెత్ ఆ పాలిపోయిన పెళ్లికొడుకును వదిలేసి, స్లిమాన్‌తో హెలికాప్టరెక్కి ఎగిరిపోతుంది. పివేర్ కాబోయే అల్లుడు ఇప్పుడో అరబ్బు. భోజనానికి వెళ్లేది యూదుల ఇంటికి.

ఎవరీ ద ఫ్యునెస్?

మన పాత తరం ప్రేక్షకులకు అల్లు రామలింగయ్యగారి మొహంలో మారే రంగులు గుర్తుండే ఉంటాయి. ఒక్క మాటా అనకుండా కనుబొమలతో, మూతి విరుపుతో హాలు నవ్వించేవారు. ద ఫ్యునెస్‌ది ఆ కోవే. కాకపోతే వేగం పదింతలు! పొట్టి మనిషి, బట్టతల, ఆగని చేతులు. పైవాడి ముందు పిల్లి, కిందివాడి ముందు పులి. ఫ్రాన్సులోని చిన్న చిన్న అధికారులందరి అహంకారాన్నీ ఒక్క ఒంట్లో నింపుకున్నట్టుంటాడు.

1914లో పారిస్ పక్కనే కూర్బెవ్వాలో స్పెయిన్ నించి వలస వచ్చిన తల్లిదండ్రులకు పుట్టాడు. పేరు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? యుద్ధకాలంలో రాత్రిళ్లు బార్లలో పియానో వాయించుకుని పొట్టపోసుకున్నాడు. సినిమాల్లో తలుపు తీసే వేషాలు, టోపీ అందించే వేషాలు ఎన్నో వేశాడు. యాభయ్యో ఏట, 1964లో, సాం త్రోపే పోలీసు సినిమాతో హఠాత్తుగా పెద్ద స్టారయ్యాడు. 1966లో ఇదే ఊరీ తీసిన ‘లా గ్రాంద్ వాద్రూయ్’కి ఫ్రాన్సులో 1 కోటీ 70 లక్షల పైచిలుకు టిక్కెట్లు తెగాయి. ఆ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు.

స్వయానా దైవభక్తి గల క్యాథలిక్కు ద ఫ్యునెస్. ఈ సినిమా తన మనసుకు పట్టిన మురికిని కడిగిందన్న అర్థం వచ్చేలా ఆయన తర్వాత చెప్పుకున్నాడంటారు. ఈ చిత్రంలో యూదుల నాట్యం సీను చూడండి. మొదట బెదురుతూ పక్కవాడి కాలు చూసి కాలు కదుపుతాడు. తాళం పట్టుబడేసరికి టోపీ కదలకుండా, నడుం తిప్పుతూ, గెంతుతూ వీధి వీధంతా తనదే చేసుకుంటాడు. వ్లాదిమీర్ కోస్మా సంగీతం. అరవైకి దగ్గరపడ్డ మనిషి ఇంత చురుగ్గా నాట్యం చేయడం ఆశ్చర్యమే. 1975లో గుండెపోటు వచ్చాక ఇలాంటి గెంతులకు డాక్టర్లు పగ్గాలు వేశారు. 1983 జనవరి 27న ఆయన కన్నుమూశాడు.

గమనించారో లేదో, ఈ నాట్యం సీనులోనే కథ మలుపు ఉంది. అంతదాకా పివేర్ భయంతో నటిస్తున్నాడు. ఇక్కడ మాత్రం నటన మరిచిపోయాడు. సంతోషపడుతున్నాడు! ఒక జాతిని ద్వేషించేవాడు ఆ జాతి పాటకు కాలు కదపకుండా ఉండలేకపోయాడు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. డప్పు మోగింది, కాలు కదిలింది, అంతే.

తెర వెనక గాయాలు

దర్శకుడు జెరార్ ఊరీ 1919లో పారిస్‌లో పుట్టాడు. పుట్టినప్పటి ఇంటిపేరు టానెన్‌బామ్. యూదుడు. 1940లో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించారు. విషీలో ఏర్పడ్డ ఫ్రెంచి ప్రభుత్వం వాళ్లకు తాళం వేస్తూ యూదుల మీద నిషేధాల చట్టాలు తెచ్చింది. అప్పుడప్పుడే నటుడిగా ఎదుగుతున్న ఊరీకి రంగస్థలం తలుపులు మూసుకుపోయాయి. ప్రాణాలు దక్కించుకుని స్విట్జర్లాండు చేరాడు. 1942లో పుట్టిన కూతురు డానియేల్ పెద్దయి, డానియేల్ థాంప్సన్ పేరుతో తండ్రి సినిమాలకు రచన చేసింది. ‘రబ్బీ జాకబ్’ రాసినవాళ్లలో ఆమె ఒకరు. యూదుల ఆచారాల్లో పొరపాటు రాకుండా జోజీ ఐజెన్‌బెర్గ్ అనే నిజమైన రబ్బీని కూడా రచనలో కూచోబెట్టుకున్నారు.

సినిమాలో అసలు రబ్బీ జాకబ్‌గా వేసిన ముసలాయన్ని చూడండి. ఆయన మార్సెల్ దాలియో. అసలు పేరు ఇజ్రాయెల్ మోషే బ్లౌషిల్డ్. 1937లో ‘లా గ్రాంద్ ఇల్యూజియోఁ’, 1939లో ‘లా రేగ్ల్ ద్యు జూ’ వంటి జాన్ రెన్వార్ మహాచిత్రాల్లో నటించిన ఘనుడు. 1940లో దేశం వదిలి అమెరికా పారిపోవాల్సి వచ్చింది. యూదుల మొహాలు ఎలా ఉంటాయో జనానికి చూపించడానికి నాజీలు ఈయన ఫొటోనే పోస్టర్లకెక్కించారు! ఆయన అమ్మానాన్నా నిర్బంధ శిబిరాలకు బలైపోయారు. హాలీవుడ్‌లో చిన్న చిన్న వేషాలు వేసుకున్నాడు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో జూదపు బల్ల దగ్గర నిలుచునే మనిషి ఈయనే.

అలాంటివాడు ముప్ఫై ఏళ్ల తర్వాత, ఓ కామెడీ సినిమాలో, నవ్వు మొహంతో ఫ్రాన్సుకు తిరిగొచ్చే యూదు గురువు వేషం వేశాడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ సీన్లు వేరేగా కనబడతాయి.

ఫ్రాన్సు నించి దాదాపు 76 వేల మంది యూదులను శిబిరాలకు తరలించారు. ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. 1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్‌లోనూ చుట్టుపక్కలా ఇంచుమించు 13 వేల మందిని ఇళ్లల్లోంచి ఈడ్చుకెళ్లింది జర్మన్ సైనికులు కాదు, ఫ్రెంచి పోలీసులే. ఈ పాపంలో ఫ్రెంచి రాజ్యానికి భాగముందని అధ్యక్షుడు షిరాక్ బాహాటంగా ఒప్పుకున్నది 1995లో. ఊరీ ఈ సినిమా తీసింది అంతకు 22 ఏళ్ల ముందు! పెద్దలంతా మాట దాటేస్తున్న రోజుల్లో ఒక హాస్యచిత్రం వచ్చి, మీ పక్కింట్లో, మీ కార్లో, మీ లోపలే పివేర్ ఉన్నాడు చూసుకోండి అంది. గొంతు పెంచి అనలేదు. నవ్విస్తూనే అంది.

అరబ్బుల సంగతీ అంతే. అల్జీరియా యుద్ధం 1962లో ముగిసింది. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. సినిమాలో స్లిమాన్‌ను పారిస్ కాఫీ హోటలు ముందు పట్టుకుపోయే సీను చూడగానే ఫ్రెంచివాళ్లకు 1965 అక్టోబరులో పారిస్ నడివీధిలో మాయమైన మొరాకో ప్రతిపక్ష నాయకుడు మెహదీ బెన్ బర్కా గుర్తొస్తాడు. ఆయన మళ్లీ కనిపించలేదు. ఇంత చేదును ఊరీ చూయింగ్ గమ్ములో చుట్టి అందించాడు!

విడుదల నాడు జరిగిన ఘోరం

సినిమా విడుదలకు పన్నెండు రోజుల ముందు, 1973 అక్టోబరు 6న, ఈజిప్టు, సిరియా సైన్యాలు ఇజ్రాయెల్ మీద దాడికి దిగాయి. ఫిరంగులు మోగుతున్నాయి. రోజూ పేపర్లనిండా శవాల లెక్కలు. ఇటు పారిస్ గోడల మీద గడ్డంతో గెంతుతున్న ద ఫ్యునెస్ పోస్టర్లు! యూదుడూ అరబ్బూ చేతులు కలిపే హాస్యచిత్రం ఇప్పుడా? అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. విడుదల ఆగలేదు.

అక్టోబరు 18న, సరిగ్గా విడుదల రోజే, పారిస్ నించి నీస్ వెళ్లే ఎయిర్ ఫ్రాన్స్ విమానాన్ని ఒక మహిళ తుపాకీతో బెదిరించి దారి మళ్లించింది. ఆమె పేరు డానియేల్ క్రావెన్. వయసు 35. ఆమె డిమాండ్లలో ఒకటి, ‘రబ్బీ జాకబ్’ విడుదల ఆపాలని! అంతకన్నా విచిత్రం ఇంకోటుంది. ఆమె భర్త జార్జ్ క్రావెన్ సినిమా ప్రచారకర్త. ఈ సినిమా ప్రచారం చూస్తున్నది ఆయనే. విమానం మార్సేయ్ దగ్గర దిగింది. ప్రయాణికులు క్షేమంగా బయటపడ్డారు. ఆమె మాత్రం పోలీసుల తూటాలకు బలైంది. ఫ్రెంచి సినిమాకు పెద్ద పండుగలా జరిగే సీజర్ అవార్డులను తర్వాతి కాలంలో నెలకొల్పింది ఈ జార్జ్ క్రావెనే.

ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని ఇప్పుడు తీర్పు చెప్పబోవడం లేదు. ఒక్కటి మాత్రం నిజం. ఈ సినిమా ఎవరికీ ఏమీ పట్టని శాంతికాలంలో వచ్చిన కాలక్షేపం కాదు. నవ్వడానికి ఏ మాత్రం వీలులేని వారంలో వచ్చింది. అయినా జనం టిక్కెట్ల కోసం వరస కట్టారు. నవ్వు అక్కర్లేని రోజుల్లో కాదు, అత్యవసరమైన రోజుల్లోనే దాన్ని వెతుక్కుంటారన్నమాట!

సొలొమోనూ, సులేమానూ

ఈ చిత్రంలో ఎక్కువమంది గుర్తుపెట్టుకునే సీను అర నిమిషం కూడా ఉండదు. యూదుడు సాలొమోన్, అరబ్బు స్లిమాన్ ఎదురుపడతారు. పక్కన గడ్డంతో పివేర్. రెండు పేర్లూ విని, మీరిద్దరూ చుట్టాలా ఏంటి అన్నట్టు మాట్లాడతాడు. దూరపు చుట్టరికమే అన్న ధోరణిలో జవాబొస్తుంది. కాస్త తటపటాయింపు. ఆ తర్వాత రెండు చేతులు కలుస్తాయి. కెమెరా ఆ చేతుల మీద ఒక్క క్షణం నిలుస్తుంది. అక్కడ జోకు లేదు. గెంతు లేదు. మళ్లీ పరుగు మొదలు!

ఇందులో గమ్మత్తు ఏమిటంటే, సాలొమోన్, స్లిమాన్ నిజానికి ఒకటే పేరు. బైబిల్లో సొలొమోను, ఖురానులో సులేమాన్. మన తెలుగు ఊళ్లల్లోనూ చర్చికి వెళ్లే సొలొమోనుగారున్నారు. మసీదుకు వెళ్లే సులేమాన్‌గారున్నారు. ఎదురెదురు ఇళ్లల్లోనే ఉంటారేమో కూడా. ఇద్దరి పేరూ ఒక్కటేనని ఎంతమందికి తోచింది? పారిస్ దర్శకుడికి తోచింది!

నవ్వు ఎవరి మీద?

అసలు ఈ సినిమా గొప్పతనం ఎక్కడుందో చెప్పుకోవాలి. యూదుల గడ్డాలున్నాయి, టోపీలున్నాయి, ఆచారాలున్నాయి. వాటిని వెక్కిరించి నవ్వించడం ఎంత తేలిక! ఊరీ ఆ పని చెయ్యలేదు. ఆ పేటలో మనుషులు చుట్టాన్ని చూసి మురిసిపోతారు, తింటారు, ఆడతారు, పాడతారు. మామూలు మనుషులు. వెర్రివాడిలా కనిపించేది ఒక్క పివేరే. ఏ ప్రార్థన ఎక్కడ మొదలెట్టాలో తెలీక, ఎటు తిరగాలో తెలీక, గుడ్లు మిటకరించే పివేర్ మీదే హాలు నవ్వుతుంది. అంటే నవ్వంతా ద్వేషించేవాడి మీదే గానీ, ద్వేషానికి గురైనవాడి మీద కాదు.

ఈ ఒక్క సూత్రాన్నీ మన కామెడీ ట్రాకుల పక్కన పెట్టి చూడండి. నల్లగా ఉన్నవాణ్ని చూపించి నవ్వించడం, లావుగా ఉన్న అమ్మాయిని చూపించి నవ్వించడం, నత్తిగా మాట్లాడేవాణ్ని, యాసలో మాట్లాడే పనివాణ్ని చూపించి నవ్వించడం ఎన్నేళ్లుగా చూడలేదు మనం? అక్కడ బలవంతుడు నవ్వుతాడు, బలహీనుడు నవ్వులపాలవుతాడు. ‘రబ్బీ జాకబ్’లో ఆ లెక్క తలకిందులైంది. అందుకే కథ పాతబడినా, ఆ నవ్వు ఇంకా పులిసిపోలేదు.

ఇంకో సంగతి. పివేర్‌కు బుద్ధి చెప్పే పాత్ర ఈ సినిమాలో లేనేలేదు. క్లైమాక్సులో చెయ్యెత్తి ‘మనుషులంతా ఒక్కటే’ అని ఎవరూ డైలాగు కొట్టరు. పివేర్ మారడానికి కారణం అవసరం. ప్రాణం మీదికొచ్చినప్పుడు దాచిపెట్టింది యూదుల పేట. గుట్టు కాపాడింది తను వెళ్లగొట్టిన డ్రైవరు. పక్కన పరుగెత్తింది అరబ్బు. ఉపకారం పొందాక ఇంకా మొహం చిట్లించడానికి సిగ్గుపడ్డాడు, అంతే. మన జీవితాల్లోనూ ద్వేషాలు కరిగేది చాలాసార్లు అలాగే కదా! ఉపన్యాసం విని మారినవాడు తక్కువ. ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చినవాడి చేతిని చూసి మారినవాడే ఎక్కువ.

లోపాలు లేవా?

లేకేం, ఉన్నాయి. స్లిమాన్ ఒక్కణ్నీ పక్కనబెడితే, తక్కిన అరబ్బులంతా తుపాకులు పట్టుకుని పరుగెత్తే మొద్దు విలన్లే. యూదుల పేటకు ఇచ్చిన ప్రేమలో పావు వంతైనా వాళ్లకు దక్కలేదు. పోనీ స్లిమాన్ వేషమైనా అరబ్బు నటుడికి ఇచ్చారా అంటే, వేసింది క్లోద్ జిరో అనే ఫ్రెంచి నటుడు. ఫారెస్‌గా వేసింది రెంజో మోంతాన్యానీ అనే ఇటలీ నటుడు. కూతురు ఆంత్వానెత్‌గా వేసిన మ్యూ మ్యూ తర్వాత పెద్ద నటి అయింది గానీ, ఇక్కడ ఆమెకు పెళ్లిబట్టల్లో ఎగిరిపోవడం తప్ప పెద్దగా పనిలేదు. డ్రైవరు సాలొమోన్‌గా ఆన్రీ గిబే మాత్రం చక్కగా ఒదిగిపోయాడు. చేతులు కట్టుకోకుండా, తల వంచకుండా, యజమాని అరుపుల ముందు ప్రశాంతంగా నిలబడే ఆ మనిషిని మర్చిపోలేం.

లోకం మారిందా? సినిమాలో అంతా కలిసి నాట్యం చేసే ఆ ర్యూ దే రోజియే వీధిలోనే, 1982 ఆగస్టు 9న ఓ యూదు హోటలు మీద బాంబు విసిరి, తుపాకులతో కాల్చి ఆరుగురిని చంపారు. మధ్యప్రాచ్యంలో మంటలు ఆరలేదు సరికదా, మళ్లీ మళ్లీ రాజుకుంటూనే ఉన్నాయి. ఒక హాస్యచిత్రం యుద్ధాలు ఆపలేదు. ఆపుతానని ఊరీ కూడా అనలేదు. 2006లో ఆయన వెళ్లిపోయాడు.

అయినా ఆయన నాటిన విత్తనం ఎండిపోలేదు. 2014లో ఫ్రాన్సులోనే ఇంకో సినిమా వచ్చింది. క్యాథలిక్ దంపతులకు నలుగురు కూతుళ్లు. అల్లుళ్లు ఒకడు యూదుడు, ఒకడు అరబ్బు ముస్లిం, ఒకడు చైనావాడు. నాలుగోవాడైనా క్యాథలిక్కు దొరికాడని ముసలాయన సంబరపడేలోగా, వాడు ఆఫ్రికా నల్లవాడని తెలుస్తుంది! ఫ్రాన్సులోనే 1 కోటీ 20 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. మామగారి వేషం క్రిస్తియాన్ క్లావియేది. ఆ మామగారిలో పివేర్ పోలికలు మీకే కనబడతాయి.

‘రబ్బీ జాకబ్’ ఎక్కడైనా దొరికితే భాష రాలేదని వదులుకోకండి. ద ఫ్యునెస్ మొహానికి తర్జుమా అక్కర్లేదు! పిల్లలతో కలిసి చూడండి. గమ్ము తొట్టి సీనుకు వాళ్లు పడీ పడీ నవ్వుతారు. నవ్వడం అయ్యాక, ఆ గడ్డాల తాతలు ఎవరనీ, పివేర్‌కు వాళ్లంటే ముందు ఎందుకు పడలేదనీ అడుగుతారు. జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే. ఆ బాధ్యత ఊరీ మనకే వదిలేశాడు.